వసుధ వాటా

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరైనా నన్ను మంచి తండ్రి అన్నప్పుడల్లా అది ఇంకాస్త బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఎనిమిదిలో నాకూ నా భార్య వసుధకీ విడాకుల కేసు నడుస్తోంది. అమెరికాలో మేముండే ఊరు మోరిస్‌విల్‌లోనే నేను వేరే అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. వసుధ, ఐదేళ్ల మా అమ్మాయి మేఘన పాత అద్దె ఇంట్లోనే ఉన్నారు. మాకు ఆస్తంటూ ఉన్నది నా జీతంలోంచి కట్ అవుతూ వచ్చిన రిటైర్‌మెంట్ డబ్బొక్కటే. అందులో వసుధకీ వాటా ఉంది. చట్టం చెప్పకపోయినా ఉంది. నాకోసం లెక్చరర్ ఉద్యోగం వదిలేసి, డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి ఇంట్లో కూర్చున్న మనిషి. ఆ మాట ఎత్తి ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు.

ఆ ఏడే నేను కంపెనీ మారాను. పాత కంపెనీ ప్లాన్‌లో ఉన్నంతకాలం ఆ డబ్బు కదపడం అంత తేలిక కాదు. రోల్‌ఓవర్ చేసి నా పేరున్న ఖాతాలోకి మార్చాక నా సంతకం చాలు. పెట్టాను. ముందే తీస్తే పడే పెనాల్టీ పోతే పోనీ అనుకుని, తీసి నా లాయర్ ఫీజు కట్టాను. దేనికి? మేఘనని నా దగ్గర ఉంచుకోవడానికి. అంటే వసుధ వాటాతోనే వసుధ మీద పోరాడాను. కాన్పయ్యాక ఆవిడ డిప్రెషన్‌కి మందులు వాడిన సంగతి కోర్టులో చదివించిందీ ఆ డబ్బే. అప్పుడు నాకిది తట్టలేదా? తట్టింది. తట్టినా ఆగలేదు.

ఒక శనివారం మేఘనని దింపడానికి వెళ్తే, వసుధ గుమ్మంలోనే అడిగింది.

"ఆ రిటైర్‌మెంట్ డబ్బు ఎంత ఉంటుందండీ? నా లాయర్‌కి కట్టాలి. లేకపోతే కేసు వదిలేస్తానంటోంది."

"ఇంకెక్కడుంది? మార్కెట్‌లో ఊడ్చుకుపోయింది. న్యూస్ చూస్తున్నావుగా."

అప్పుడు అందరికీ అలాగే పోతోంది. నమ్మింది. కాసేపు నా మొహంలోకి చూసింది.

"మీకూ పోయినట్టేగా. దానికోసం బెంగపెట్టుకోకండి. భోంచేశారా?"

లేదన్నాను. పప్పన్నం పెట్టింది. తిన్నాను.

కొన్నాళ్లకి ఆవిడ లాయర్ తప్పుకుంది. నా లాయర్ రాసిచ్చిన దానిమీద వసుధ సంతకం చేసింది. మేఘన నా దగ్గరికొచ్చింది, తల్లికి వారాంతాలు మిగిలాయి. మొదటి రోజుల్లో జడ అమ్మే వెయ్యాలని పిల్ల ఏడిస్తే, వీడియోలు చూసి నేర్చుకున్నాను. స్నేహితులు ఎంత మెచ్చుకున్నారో! ఆ మెప్పు కూడా కాదనకుండా తీసుకున్నాను.

పోయిన నెల వసుధకి ఫోన్ చేసి అంతా చెప్పాను. డబ్బు తిరిగిస్తానన్నాను.

"మేఘన పాలపన్ను ఒక్కటీ నా దగ్గరున్నప్పుడు ఊడలేదండీ," అంది. ఫోన్ పెట్టేసింది.

క్షమించమని నేను అడగలేదు. ఆవిడా ఆ మాట ఎత్తలేదు. వంటింట్లో అలాగే నిలబడిపోయాను. నేనెలాంటివాణ్ణో తెలిసిన మనిషి ఇప్పుడు ఒకరున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఆవిడ దగ్గర దాచడానికి నాకు ఏమీ లేదు.