మట్టి పొయ్యిలో నాన్

యుద్ధకాలం, మార్చి నెల. ఉదయం పదకొండింటికి, గిద్దలూరు దాటాక నల్లమల అంచున రైలు వంతెన దగ్గర దిగాం. ఎనిమిది మందిమి. రేకుల షెడ్డు, ఇసుక బస్తాలు, ఒక టెలిఫోను. వంతెన కాపలా కాయమని ఆర్డరు. టెలిఫోను పని నాది. గంటకోసారి స్టేషనుకు చెప్పాలి: "బ్రిడ్జి పోస్టు. అంతా క్లియర్."

మా ఊరు అక్కడికి ఐదు మైళ్లే. ఆదివారం మధ్యాహ్నం సెలవు. మూడో ఆదివారం మా వంటవాడు, పంజాబు మనిషి, నాతో వచ్చాడు. మా నాయన గొర్రెలు కాసేవాడు. పళ్లూడి రొట్టె నమలలేక సంగటి మింగేవాడు. వంటవాడు అది చూశాడు. పుట్టమన్నులో వరిపొట్టు కలిపి తొక్కి, పెరట్లో గోపురంలాంటి పొయ్యి కట్టాడు.

అది ఎండడానికి వారం పట్టింది. తన రేషనులో మిగిల్చిన గోధుమపిండి తెచ్చాడు. పెరుగు, ఉప్పు వేసి పిసికి, తడిగుడ్డ కప్పి రెండు గంటలు ఉంచాడు. పొయ్యిలో కట్టెలు మండించి, నిప్పులు లాగేసి, కాలిన అడుగున నాన్‌లు పరిచి మూత పెట్టాడు. బుడగలు పొంగి, అంచులు ఎర్రబడి వచ్చాయి. నాయన ఒకటి తిని ఇంకోటి అడిగాడు.

"ఏం చేతులు అబ్బయ్యా నీయి! నా ఇంట్ల పుట్టాల్సినోడివి."

నన్ను నాయన ఏనాడూ అంత మంచి మాట అనలేదు. యూనిఫారంలో మొదటిసారి వచ్చినప్పుడు "బూట్లు బయట ఇడువు" అన్నాడు, అంతే. ఇప్పుడు నాయన వంటవాడి పక్కన కూర్చుని పిండి పిసకడం నేర్చుకుంటున్నాడు. సంతల్లో నాయనకు అబ్బిన ఉర్దూలో ఇద్దరూ ఒకటే నవ్వు. నేను అరుగు మీద తుడిచిన బూట్లే మళ్లీ తుడిచాను. నాలుగు ఆదివారాలు అట్లాగే గడిచాయి.

సోమవారం ఉదయం ఆరింటికి హవల్దారుతో చెప్పాను. "వంటవాడు సర్కారు పిండి మా ఊరికి మోస్తున్నాడు."

"కళ్లారా చూశావా?"

"చూశాను."

అది అతని వాటా అని చెప్పలేదు.

మూడో రోజు ఆర్డరు నా టెలిఫోనులోనే వచ్చింది. "వంటవాణ్ణి బర్మాకు పంపండి. రాసుకున్నావా?"

"రాసుకున్నా."

చెప్పింది నేనని అతనికి తెలియదు. రైలెక్కుతూ, "నాయనకు చేసేటప్పుడు పెరుగు కాస్త ఎక్కువ వెయ్యి, మెత్తగా వస్తుంది" అన్నాడు. 'మీ నాయన' అనలేదు. అది కూడా నాకు గుచ్చుకుంది.

యుద్ధం అయ్యాక నాతో వస్తాడని నాయనకు అబద్ధం చెప్పాను. తర్వాత నన్ను అస్సాం పంపారు. అతని కబురు మళ్లీ తెలియలేదు.

రెండేళ్లకు యుద్ధం ముగిసి గిద్దలూరులో దిగాను. నేను రాసిన కార్డు అందుకుని నాయన ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. నన్ను గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు మాత్రం నా వెనక రైలుపెట్టె తలుపు మీద ఉన్నాయి.

"పొయ్యి రాజేసి వచ్చినా. ఒక్కడివే దిగినావేంది?"

నాయన నన్ను వదిలి, చేతికర్ర ఊతంతో, ఒక్కో పెట్టెలోకి తొంగిచూస్తూ బండి చివరిదాకా నడిచాడు.