కువైట్‌కి సరిపడా ఇంగ్లీషు

తొంభైల చివర్లో రాజోలులో ఒక సిమెంటు కొట్టు మేడ మీద, కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి సాయంత్రంపూట ఇంగ్లీషు చెప్పేదాన్ని. పగలు కాన్వెంటులో ఉద్యోగం. ఆ కొట్టు యజమానే వీళ్ళని పంపించే ఏజెంటు కూడా. మా వీధిలో పెరిగినవాడే.

"గ్రామరూ అదీ ఏం వద్దండి మేడమ్," అన్నాడు మొదటిరోజే. "యస్ మేడమ్, సారీ మేడమ్, ఫినిష్ మేడమ్. ఇవి నోటికొస్తే చాలు. మిగతాది అక్కడ అరబ్బీలో పట్టేసుకుంటారు."

వాళ్ళలో చాలామంది కూలిపనికి వెళ్ళేవాళ్ళు. ఊడ్పుల నుంచి వచ్చి, స్నానం చేసి, తడిజుట్టుతోనే క్లాసుకి వచ్చేవాళ్ళు. అంత ఓపికగా కూర్చునేవాళ్ళకి మూడు మాటలు చెప్పి పంపించడం నావల్ల కాలేదు. వంటింటి సామాన్లు, వారాలు, గడియారం చూడ్డం, అన్నీ చెప్పాను.

ఆ వానాకాలంలోనే మా వెనకింటావిడ కువైట్ నుంచి వచ్చేసింది. నేను క్లాసు మొదలుపెట్టక ముందు ఈ ఏజెంటే పంపించిన మనిషి. చూడ్డానికి వెళితే కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకుంది. అడగ్గా అడగ్గా చూపించింది. ఇస్త్రీపెట్టెతో కాలిన గాయం. సరిగ్గా మానక వేళ్ళు ముడుచుకుపోయాయి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"చీము పట్టేక తీసుకెళ్ళేరండి. ఎలా కాలిందని డాక్టరుగారు ఇంగ్లీషులో అడిగేరు. కాల్చినావిడ పక్కనే నిలబడుందండి. నాకొచ్చింది ఒకటే మాటాయె. సారీ అన్నాను."

మనిషికి అన్యాయం జరిగితే చెప్పుకోవడానికి భాష కావాలి. వీడు ఆ భాషలోంచి క్షమాపణ ఒక్కటే కోసి చేతికిచ్చి విమానం ఎక్కించాడు.

మర్నాడు బోర్డు మీద వేరే వాక్యాలు రాశాను. నాకు ఒంట్లో బాగోలేదు. డాక్టర్ని పిలవండి. ఈవిడ నన్ను కొట్టింది. నన్ను ముట్టుకోవద్దు. నా పాస్‌పోర్టు నాకివ్వండి. ఇంగ్లీషులో ఒక్కొక్కటీ అనిపిస్తుంటే కొందరు సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఐ.పోలవరం నుంచి వచ్చే ఒకామె అడిగింది.

"గట్టిగానే అనాలాండి?"

"కిందదాకా వినపడాలి," అన్నాను.

వినపడింది. ఏజెంటు మెట్లెక్కి వచ్చాడు. కోపంలో కూడా అండీ వదలడు.

"ఇదేంటండి మేడమ్? ఇలా మాట్లాడేవాళ్ళని ఎవరు పెట్టుకుంటారు?"

"జ్వరమొస్తే చెప్పొద్దా అండీ?"

"మనం పంపించేది పని చెయ్యడానికండి. పేచీ పెట్టడానిక్కాదు."

"మీ చెల్లెలు వెళ్తుంటే ఏం నేర్పమంటారు?"

"మా చెల్లెలు ఎందుకు వెళ్తాదండి?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ మాట కన్నా ఆ ఆశ్చర్యం నన్ను ఎక్కువ మండించింది.

గదికి తాళం పడింది. మా నాన్నగారు పాస్టరుగారిని అడిగి చర్చి హాలు ఇప్పించారు. తను పంపాలంటే అక్కడికి వెళ్ళకూడదని ఏజెంటు కబురుపెట్టాడు. సగంమంది భయపడి మానేశారు. ఐ.పోలవరం ఆమె మాత్రం అతనికి తెలియకుండా రెండు బస్సులు మారి వచ్చేది.

ఆమె కువైట్ వెళ్ళిన కొన్నాళ్ళకి ఏజెంటు మా ఇంటికొచ్చాడు. జ్వరంతో ఉండి పని చెయ్యనని, డాక్టర్ని పిలవమని అందట. పిలిచారట. తగ్గాక, ఇలాంటి మనిషి మాకొద్దని పనివాళ్ళని కుదిర్చే అక్కడి ఆఫీసుకి అప్పగించేశారట. వాళ్ళు ఆమెను ఇంకో ఇంట్లో పెట్టారట.

"మీ మూలంగా నా మాట పోయిందండి," అన్నాడు.

"ఆమె ప్రాణం పోలేదు కదండీ," అన్నాను.

మా అత్తగారు మర్యాద తప్పకూడదని అతనికి కాఫీ తెచ్చి ఇచ్చారు. తాపీగా తాగి వెళ్ళాడు.

ఇప్పటికీ బజార్లో కనిపిస్తే, బాగున్నారా మేడమ్ అని పలకరిస్తాడు. నేను బదులివ్వను. నాకు పొగరని ఊళ్ళో అంటారు. అననీ.