నీలం రంగు పూసిన గొర్రెపిల్ల

మొన్న వాన వెలిసిన పొద్దున ఆదోని రోడ్డు మీద గొర్రెల లారీ ఒకటి నా పక్కన ఆగింది. తడిసిన బొచ్చు వాసన గుప్పుమంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం సరళ మేడం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఆమెది ఆదోనే. జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసేవారు. అంత మందలో తల్లిగొర్రె తన పిల్లను ఎలా గుర్తుపడుతుందన్నది ఆమె ప్రశ్న. నేను ఆమె దగ్గర సహాయకుడిగా చేరి ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను.

సబ్బు వాసనతో గొర్రెల దగ్గరికి పోకూడదని ఆమె నియమం. ఉతకని గొంగడి ఒకటి కప్పుకుని దొడ్లో కింద కూర్చునేవారు. గొర్రెలు మమ్మల్ని పట్టించుకోవడం మానేసేదాకా పని మొదలయ్యేది కాదు. సాయంత్రం బస్సెక్కితే ఆ గొంగడి పుణ్యమా అని మా పక్క సీట్లు ఎప్పుడూ ఖాళీయే.

హనుమక్క అనే ఆమె తన మందను గమనించనిచ్చింది. దూరం నుంచి పోల్చుకోవడానికి వీలుగా, ఆ కాలంలో పుట్టిన ప్రతి గొర్రెపిల్ల వీపు మీదా ఒక్కో గుర్తు చొప్పున నీలం రంగు పూస్తూ వచ్చాం. చివరగా ఒక తొలిచూలు గొర్రె పిల్లకు పూసి, మర్నాడు వెళ్లేసరికి హనుమక్క దొడ్డి గుమ్మంలోనే ఎదురైంది.

"నిన్న నాకి నాకి ముద్దు సేసిన తల్లి, ఈ పొద్దు పిల్లను తలతో పొడుస్తాంది మేడమ్. పాలు తాగకుంటే అది యాడ బతుకుతాది?"

తొలిచూలు గొర్రెలు ఒక్కోసారి అంతేనని నేను సర్దిచెప్పబోయాను. మేడం నా మాట వినిపించుకోలేదు. డొక్కలు లోపలికి పోయిన ఆ పిల్లను ఎత్తుకుని వీపు వాసన చూశారు.

"తప్పు గొర్రెది కాదక్కా, నాది. రంగు పుయ్యమనింది నేనే. దాని బిడ్డ వాసన దానికి అందకుండా సేసినాను."

అంత పేరున్న మనిషి అలా ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. కత్తెరతో రంగంటిన బొచ్చు తీసేశారు. హనుమక్క తల్లిని పట్టుకుంటే మేడమే పాలు పిండి, ఆ వాసన పట్టేలా పిల్ల వీపుకూ తోకకూ రాశారు. మధ్యాహ్నమంతా తల్లి పొడుస్తూనే ఉంది. పిల్ల నిలబడలేకపోతోంది. నాకు ఆశ పోయింది. పొద్దు వాలుతుండగా తల్లి ఆ పిల్ల తోక దగ్గర మూతి పెట్టి, గొంతులోనే సన్నగా గురగురమంది. పిల్ల పొదుగు అందుకుంది. హనుమక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేడం మాత్రం పిల్ల తోక ఆడినంతసేపూ అక్కడి నుంచి కదల్లేదు.

బస్సులో ఆమె నెమ్మదిగా అన్నారు, "రంగు పూసినాక సూసిందంతా పక్కన పెట్టేద్దామప్పా. మళ్లీ మొదలుపెడదాం."

ఆ కాన్పుల కాలమంతా పడ్డ కష్టం అది. "మిగతా తల్లులన్నీ ఒప్పుకున్నాయి కదా మేడం" అన్నాను.

"ఒప్పుకున్నాయో, ఓర్చుకున్నాయో నీకేం తెలుసు?"

మళ్లీ గొర్రెలు ఈనే కాలం వచ్చేదాకా ఆమె ఆగారు. బాధపడలేదని అనను, కానీ ఒక్కసారి కూడా సణగలేదు. ఆ ఓపిక నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బోనులో మూలకు నక్కిన కుందేలును చూసి పిల్లలు "ప్రశాంతంగా ఉంది" అని రాసుకొస్తారు. ఆ మాట కొట్టేసి, ముందు బోను తలుపు తీసి చూడమంటాను.