వీలునామాలో చిన్నమ్మ

పోయిన వానాకాలం దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కొద్దిరోజులకే అమ్మ, "నడువు, వనపర్తికి పోదాం. ఇల్లు రాయియ్యాలె," అంది. గోపాల్‌పేటలో మేముండే ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. నాన్న లేడు. ఎలాగూ నాకూ తమ్ముడికీ వచ్చే ఇంటికి రాతలెందుకో నాకర్థం కాలేదు. అమ్మ చెల్లెలు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మాతోనే ఉంటున్న మా చిన్నమ్మ, వంట చూసుకుంటానని ఇంట్లోనే ఆగిపోయింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే పెద్దాయన దగ్గర కూర్చున్నాం.

"ఇల్లు పిల్లలిద్దరికి. కానీ నా చెల్లె బతికున్నన్ని దినాలు అండ్లనే ఉండాలె. ఎవ్వరు ఎల్లగొట్టొద్దు," అంది అమ్మ.

"సొంత చెల్లెనా?"

"కాదు."

నేను సరిగా వినలేదనుకున్నాను. అమ్మ ఆయనతోనే మాట్లాడుతోంది. "కాల్వ పనికి పోయినప్పుడు పక్కపక్క గుడిసెలల్ల ఉన్నం సార్. ఆమె మొగుడు ఆడనే సచ్చిపోయిండు. అత్తగారోళ్లు రానియ్యలే. నా ఎంట తోల్కొచ్చిన."

"అట్లయితే వీలునామా రాయాల్సిందేనమ్మా. రాయకుంటే ఇల్లు పిల్లలకే పోతది, ఆమెకు ఏ హక్కు ఉండదు. ఇద్దరు సాక్షులను తోల్కరా. ఇంట్ల వాటా వచ్చేటోళ్లు వద్దు, బయటోళ్లు గావాలె. మనసు మారితే బతికుండంగ ఎప్పుడన్న మార్చుకోవచ్చు."

తలూపాను గానీ ఏమీ తలకెక్కలేదు. ఆయన చెప్పిన ఈ పద్ధతులన్నీ తర్వాత మళ్లీ వెళ్లి అడిగి తెలుసుకున్నవే. నాకు జడలు వేసి బడికి పంపిన మనిషి చిన్నమ్మ. అమ్మమ్మ వాళ్ల ఊరికి ఎప్పుడూ రాకపోతే, ఇంటికి కాపలా ఉందనుకునేదాన్ని.

బస్సులో అడిగాను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్పేటిదేముంది? చెల్లె అంటె చెల్లెనే."

తమ్ముడికి ఫోన్ చేశాను. "నాకెరుకే గదక్కా. నీకు తెల్వదా?" అన్నాడు. ఎలా తెలుసంటే వాడికీ గుర్తు లేదు.

సంగతి వింటే చిన్నమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం మాడ్చుకుంది. "నన్ను ఎవరు ఎల్లగొడ్తరని రాయిపిస్తున్నవ్ అక్కా? గీ పిల్లనా?"

"వీళ్లు గాదు. రేపు అల్లుడు, కోడలు, వాళ్ల పిల్లలు ఉంటరు. నువ్వెవరో వాళ్లకేం ఎరుక?" అంది అమ్మ. చిన్నమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. కోపం అమ్మ మీదో, నా మీదో తేల్చుకోలేకపోయాను.

రిజిస్ట్రేషన్ రోజు మాత్రం తనూ వచ్చింది. పక్కింటి దంపతులు సాక్షి సంతకాలు పెట్టారు. అసలు కాగితం నీ దగ్గరే ఉంచుకొమ్మని అమ్మ అంటే, వద్దు వద్దంటూనే తీసుకుని చీర కొంగులో చుట్టుకుంది.

బయట బెంచీ మీద పక్కన కూర్చుని అడిగాను. "నీదే ఊరు చిన్నమ్మా?"

"బిజినేపల్లి దిక్కు."

"మీవోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఏమో, తెల్వదు," అంటూ అమ్మకు నీళ్లిచ్చే నెపంతో లేచింది. ఇంకా అడగాలో, అక్కడితో ఆపాలో నాకు తోచలేదు. ఆమె వెనకే నడిచాను.