వద్దనేవాళ్ళ వైపు

ఏలూరు ఆసుపత్రిలో ఎస్తేరు రాణి గారు తుదిశ్వాస విడిచారని వాళ్ళ తమ్ముడు సెల్‌ఫోన్‌లో చెప్పేసరికి నేను తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటున్నాను. చెవిన పడిన మాట బుర్రకెక్కలేదు. "అలాగేనండీ" అన్నాను. మరణవార్త చెబితే అలాగేనండీ అనే మనిషి ఎక్కడైనా ఉంటుందా? అందులోనూ, సరిగ్గా ఆ ఒక్క మాటతోనే జన్మంతా పోట్లాడిన మహాసాధ్వి పోయిందని చెబితే! ఫోన్ పెట్టేశాక ఉల్లిపాయల బస్తా మీదే కూలబడ్డాను. కొట్టతను మంచినీళ్ళిచ్చాడు.

ఆవిడా నేనూ కొల్లేటి ఒడ్డున ఒక ఊరి బడిలో చాలాకాలం కలిసి పాఠాలు చెప్పాం. ఆవిడది ఆ ఊరే. నేను ఆకివీడు నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. ఊరి పేరు రాయను. రేపు మళ్ళీ ఆ బస్సే ఎక్కాలి, ఆ జనం మొహాలే చూడాలి. ఆవిడ మిషను బోర్డింగులో పెరిగిన క్రైస్తవ కుటుంబీకురాలు, అవివాహిత, మితభాషిణి. నేను కిరాణా కొట్టు వాళ్ళ ఆడపడుచుని, నోరు కాస్త పెద్దదే. వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందని బడి అంతా వింతపడేది. "మీరు మాట్లాడండి, నేను ఆలోచిస్తాను. పని సమంగా పంచుకున్నట్టుంటుంది" అనేవారావిడ నవ్వుతూ.

కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించాక, సాగుదార్ల కళ్ళు బయటి ఊళ్ళ చెరువుల మీద పడ్డాయి. ఆవిడ ఊరి మంచినీళ్ళ చెరువుని చేపల సాగుకి కౌలుకివ్వాలని పంచాయతీలో ప్రతిపాదన వచ్చింది. ఆఫీసు గదిలో గ్రామసభ పెట్టారు. కుర్చీలు పెద్దలకి, నేల మిగతావాళ్ళకి. కార్యదర్శి కాగితం చదివి "ఏవండీ, ఇచ్చేద్దామా?" అంటే, నేలమీద వాళ్ళు "అలాగేనండీ" అన్నారు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని ఆయన రాసేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు బడి గేటు దగ్గర ఒకటే గోల. అందరికంటే గట్టిగా అరిచింది చిట్టెమ్మ. మా రెండో తరగతి పిల్ల తల్లి, చెరువుల్లో చేపలు పట్టే రోజుల్లో ఐసు కొట్టే పనికి వెళ్తుంది.

"మేతలూ ఎరువులూ పోసిన నీళ్ళు మేమెలా తాగుతామండీ టీచరు గారూ? ఎవరు ఒప్పుకున్నారండీ అసలు?"

"నువ్వే కదా చిట్టెమ్మా, నిన్న అలాగేనండీ అన్నావు?" అన్నాను నేను.

"అయ్యో రామ, పెద్దమనిషి అడిగితే మర్యాదకి అన్నానండీ! మొహం మీద కాదంటామేంటండీ?"

నేను పకపకా నవ్వాను. ఎస్తేరు గారు నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కారు. తోడు నేనూ వెళ్ళాను. అక్కడి పంచాయతీల అధికారి వేరే జిల్లా ఆయన. "అందరూ సరే అన్నారని రాసుంది కదమ్మా" అన్నారు. "మా వైపు అలాగేనండీ అంటే విన్నామని అర్థమండీ, ఒప్పుకున్నామని కాదండీ. మా వాళ్ళ మర్యాదని తీసుకెళ్ళి తీర్మానంలో రాసేశారండీ" అన్నారీవిడ. ఆయన ఫైలు తిరగేసి, మళ్ళీ సభ పెట్టుకోమని రాసిచ్చారు. ఇన్ని విధానాల ప్రభుత్వంలో ఆ ముక్క చెప్పడానికి ఆవిడ వెళ్ళాల్సి వచ్చింది చూడండి!

ఈసారి సభ ఆఫీసులో కాదు, నూర్పిళ్ళైపోయిన కళ్ళంలో పెట్టాలని ఆవిడ పట్టుబట్టారు. "కప్పు కింద కుర్చీలుంటాయండీ. ఆకాశం కింద అందరిదీ నేలే" అన్నది ఆవిడ మాట. ఆరోజు ఒక పద్ధతి కూడా పెట్టారు. నోటితో ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇచ్చేద్దామనేవాళ్ళు గడ్డివాము వైపు నడవాలి, వద్దనేవాళ్ళు కాలవ గట్టు వైపు నడవాలి. కాళ్ళకి మర్యాదలుండవు కదా అని.

ఊరంతా వచ్చింది. ఎండు గడ్డి మీద ఆడామగా కలిసి కూర్చున్నారు. ఆవిడ ముందు వెళ్ళి గట్టు మీద నిలబడ్డారు. కౌలుకి అడుగుతున్న ఆసామీ కూడా వచ్చి ఊరికే, ఎవర్నీ ఏమీ అనకుండా, వాము నీడన నిలబడ్డాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆయన చెరువుల మీదే పని. ఒక్కొక్కరే లేచారు. లేచి వాము వైపు నడిచారు. పోతూ పోతూ ఆవిడ వంక తిరిగి "ఏమనుకోకండి టీచరు గారూ" అంటున్నారు! ముసలీ ముతకా, ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు, అందరూను. "పర్లేదండీ, వెళ్ళండి" అని ఆవిడ ప్రతివాళ్ళకీ జవాబు చెప్పారు. చిట్టెమ్మ తలొంచుకుని, ఆ మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. చివరికి గట్టు మీద ఆవిడ ఒక్కరే మిగిలారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విప్పేసి గట్టు వైపు బయల్దేరాను. ఆవిడ అక్కణ్ణుంచే చెయ్యెత్తి ఆపారు. "మీది ఆకివీడండీ. మీకిక్కడ ఓటు లేదు. అక్కడే ఉండండి." పొరుగూరి వాళ్ళ అడుగు ఒక్కటి పడినా తన సభ అబద్ధమైపోతుందని ఆవిడ నమ్మకం. నేను ఉన్నచోటే ఉండిపోయాను. అంత ఊరి ఎదుట అంత ఒంటరిగా నిలబడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కౌలు తీర్మానం నెగ్గింది, సభ నిజంగానే జరిగిందని దాని కింద మొదటి సంతకం మాత్రం ఆవిడే పెట్టారు.

బస్‌స్టాపు దాకా నన్ను దిగబెట్టడానికి వచ్చినప్పుడు కడిగేశాను. "ఏం ఒరిగిందండీ మీకు? ఆ గదిలో ఓడిపోయినా ఇంత సిగ్గుండేది కాదు కదా!"

"అప్పుడు వాళ్ళ మనసేంటో ఎవరికీ తెలియదండీ. ఇప్పుడు తెలిసింది. ఓడినా నిజంగా ఓడాను."

"తెలిసి ఏం చేసుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారా?"

నవ్వలేదు. బస్సు కనబడ్డాక అన్నారు: "ఒక్కరైనా వస్తారనుకున్నానండీ."

ఆ తర్వాత ఊరు ఆ పద్ధతిని వదల్లేదు. వీధి దీపాలకీ, శ్మశానం దారికీ, అన్నింటికీ కళ్ళంలోనే సభ, నడకే ఓటు. ఆవిడ ప్రతి సభకీ వెళ్ళారు. వద్దనాల్సి వచ్చినప్పుడల్లా గట్టు వైపు వెళ్ళి నిలబడ్డారు, ఎప్పుడూ ఒక్కరే. బడి పిల్లల తల్లులు పలకరింపులు మానలేదు, పండక్కి అరిసెలూ పంపించేవారు. కాని ఆవిడ అరుగు మీద కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. సాయంత్రాలు తలుపు తీసే పెట్టుకునేవారు. నేను ఆదివారాలు వెళ్తే "మీ నోరు విని వారమైందండీ" అని టీ పెట్టేవారు. ఆ ఇంట్లో నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపించేది. జబ్బు చేశాక కూడా ఊరి మీద ఒక్క నిష్ఠూరం ఆవిడ నోట వినలేదు. ఆ సహనం నాకు లేదు, రాదు.

సమాధి కార్యక్రమం అయ్యాక కళ్ళంలోనే సంతాప సభ జరిగింది. సర్పంచ్ గారు కళ్ళొత్తుకుంటూ ఆవిడ త్యాగనిరతిని కొనియాడి, ఊరి చెరువుకి ఎస్తేరు రాణి టీచరు గారి చెరువని పేరు పెడదామన్నారు. ఏ చెరువు? ఆ చెరువే, ఇప్పుడు చేపలు పెరుగుతున్నదే! నోరు తెరిచాను. నాది ఆకివీడు. మూసుకున్నాను. జనం భక్తిగా లేచి వాము వైపు నడిచారు. కొందరు ఏడుస్తున్నారు కూడా, దొంగ ఏడుపు కాదది. "వద్దనేవాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని కార్యదర్శి ఆనవాయితీకి అడిగి, కలం మూత పెట్టబోయారు.

గడ్డి మీద ఇంకా ఒక మనిషి కూర్చునే ఉంది. చిట్టెమ్మ. లేచి, చీరకంటిన గడ్డి దులుపుకుని, కాలవ గట్టు ఎక్కి నిలబడింది.

"అదేంటి చిట్టెమ్మా?" అన్నారు సర్పంచ్ గారు.

"వద్దండీ. ఆవిడ వద్దన్న చెరువుకి ఆవిడ పేరెందుకండీ?"

చిట్టెమ్మ గట్టు దిగలేదు. దాని పక్కకి ఇంకెవరూ రాలేదు. ఒక్కరు వ్యతిరేకించారని రాసుకున్నారు. తీర్మానం నెగ్గింది.

ఎస్తేరు గారూ, వచ్చారండీ ఒకరు. చూడ్డానికి మీరే లేరు.