నా పసుపు మీద పరాయి చేతులు

సాయం చేస్తూ ఫోటో తీయించుకునే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆర్మూర్ బస్టాండు ముందు ఎండాకాలంలో ఒక్క మజ్జిగ ప్యాకెట్‌ను ఆరుగురు పట్టుకుని నిలబడతారు. తీసుకునే ముసలాయన కెమెరా వైపు తిరిగేదాకా వదలరు. ఆయన గొంతు ఎండుతూనే ఉంటుంది. అలాంటి వాళ్ళను మొహం మీదే తిట్టాను. అయితే నాకు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించిన వాళ్ళు ఫోటో దిగలేదు. పేరు కూడా చెప్పలేదు.

అప్పటికి నాకు మిగిలింది ఒక్క ఎకరం, బాల్కొండ వెళ్ళే రోడ్డు పక్కన. మా తాత కాలంలో ఆ దారిలో మాది కాని చేను ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేదట. అవన్నీ ఎట్లా పోయాయో చెప్పే ఉద్దేశం నాకు లేదు. మిగిలిన ఎకరంలో పసుపు వేశాను. తవ్వించి, ఉడకబెట్టించి, ఆరబోశాను. ఆ పసుపు చెడిపోతే ఎకరం కూడా ఇంకొకరి పాలవుతుంది. అంతే సంగతి.

మా ఊళ్ళో పసుపు ఆరబోసుకోవడానికి అందరికీ కలిపి ఒక కల్లం ఉంది. కుప్పలన్నీ పక్కపక్కనే ఉంటాయి. మబ్బు పడితే ఎవరికి ఏ కుప్ప దగ్గరైతే ఆ కుప్ప కప్పుతారు. ఎవరిదని అడగరు. నేను అక్కడికి పోలేదు. ఒకప్పుడు మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళ పక్కన నా పసుపు పోసి, జర చూడమని అడగడం నా వల్ల కాదు. నా చేను అంచునే చదును చేయించి, రోడ్డు పక్కన పోశాను.

మార్చి నెల, మధ్యాహ్నం. కూలీలు అన్నానికి వెళ్ళారు. పోచంపాడ్ వైపు నుంచి మబ్బు లేచింది. చెడగొట్టు వాన. కొమ్ములు చేతిలో గలగలమనేంతగా ఎండి ఉన్నాయి, పాలిష్ పట్టించడమే మిగిలింది. ఇప్పుడు తడిస్తే రంగు చెడుతుంది, బూజు పడుతుంది, మార్కెట్లో ఎవడూ చేయి పెట్టి కూడా చూడడు. ఒక్కడినే పారతో పసుపును దగ్గరికి లాగాను. గాలికి టార్పాలిన్ ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస లేచిపోతోంది. రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. లోపలున్న పెద్దమనిషి అద్దం దించి, సెల్‌ఫోన్‌లో మబ్బునూ నన్నూ కలిపి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. రాయి విసరాలనిపించింది. అయినా చేయెత్తి ఎవరినీ పిలవలేదు. పిలవడం నాకు రాదు.

అంతలో ఒక వ్యాను ఆగింది. వేల్పూర్‌లో పెళ్ళికి పోతున్న జనం. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. అందరికంటే ముందు ఒక ముసలావిడ దిగి, కుచ్చెళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది.

"ఏం సూస్తున్నరే, దిగుర్రి! పసుపు తడిస్తే ఇల్లు మునిగినట్టే!"

నేను అరిచాను. "ఎవరు మీరు? నా పసుపు చెప్పులతోని తొక్కకుర్రి!"

"చెప్పులు రోడ్డు మీదనే ఇడిసినం, కండ్లు కనవడ్తలేవా అయ్యా? గట్ల కట్టె లెక్క నిలవడ్డవేంది? గా మూల వట్టు!"

మా వంశంలో ఎవరికీ ఎవరూ అట్లా చెప్పి ఉండరు. పట్టాను.

మగవాళ్ళు కుప్ప చేశారు. ఆడవాళ్ళు దొర్లిపోయిన కొమ్ములను కొంగుల్లోకి ఏరారు. కోడలు కాబోలు, ఒకామె గట్టిగా అంది. "అత్తా, నీ పట్టుచీరంత పసుపాయె!"

"కానియ్యే. పోతున్నది పెండ్లికే గద. పసుపు లేని పెండ్లి ఉంటదా?"

అందరూ విరగబడి నవ్వారు. నా కోపం అప్పుడు నషాళానికి అంటింది. నా ఎకరం పోయేలా ఉంటే వీళ్ళకు జాతర! సాయం చేసేవాళ్ళు ఇంత ఆనందంగా ఉంటారా?

మా ఇంట్లో దానాలకు లోటు ఉండేది కాదు. మా నాన్న అరుగు మీద కూర్చుని జొన్నలు కొలిపించేవాడు. కింద నిలబడినవాళ్ళు కొంగు పట్టేవాళ్ళు. పైన ఆయనా నవ్వలేదు, కింద వాళ్ళూ నవ్వలేదు. అంత ఇచ్చిన ఇంట్లో ఈ సంతోషం ఒక్కరికీ ఎందుకు తెలియదు? వ్యాను జనం మీద లేచిన కోపం ఆ అరుగు మీదికి మళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

టార్పాలిన్ కప్పి, చివరి రాయి అంచు మీద పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. మీ పేరు, ఊరు చెప్పమన్నాను. ఊరికే ఎవరి సాయమూ ఉంచుకోనన్నాను.

"పేరెందుకయ్యా, కేసు వెడ్తవా? ముహూర్తమైతున్నది!" అంటూ ఆవిడ వ్యాను ఎక్కేసింది.

ఒక సంచిలో ఇంత పసుపు ఎత్తుకుని వెనకాలే పరుగెత్తాను. వ్యాను ఆగలేదు.

వాన వెలిశాక టార్పాలిన్ కవరు ఎత్తి చూస్తే పసుపు పొడిగా ఉంది. కల్లం దగ్గర నుంచి పక్క చేను రైతు నిలువునా తడిసి ఉరికొచ్చాడు. నాకంటే కోపంగా ఉన్నాడు.

"గీడ ఒంటిగ ఎందుకు వోసినవ్ పటేలా? అక్కడివి కప్పి వచ్చేసరికి గింత సేపాయె."

"నా చేను, నా ఇష్టం."

"నీ ఇష్టమే. వానను గూడ అడిగినవా దాని ఇష్టమేందో?"

పాలిష్ మిషను ఇంకా రాలేదు, మబ్బు ఇంకా పోలేదు. మర్నాడు ట్రాక్టరు మాట్లాడి పసుపును కల్లానికి చేర్చాను. వెనక ఎవరో "పటేలు దిగొచ్చిండు" అన్నారు. పళ్ళు కొరుక్కుని, విననట్టే పోశాను.

ఆ వారంలోనే మళ్ళీ వాన వచ్చింది. నా కుప్ప ఆ చివర ఉంది, నేను ఈ చివర ఉన్నాను. దగ్గరున్న కుప్ప మీద కవరు లాగి కప్పుతుంటే, ఎన్నడూ చూడని మనిషి పరుగున వచ్చాడు. ఆర్మూర్ నుంచి వచ్చి చేను కౌలుకు పట్టాడట.

"షుక్రియా సాబ్. మరి మీది?"

"నాది ఎవరో ఒకరు కప్పుతరు. నువ్వు ముందు రాళ్ళు తే, గాలొస్తున్నది!" అని కసిరాను.

నిజంగానే ఎవరో కప్పారు. ఎవరని అడగలేదు.

ఇంటికి వచ్చి, తడిబట్టలైనా మార్చకుండా అన్నం పెట్టించుకున్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను, మారు వడ్డించుకున్నాను. ఏమైందివాళ అని ఇంట్లోవాళ్ళు అడిగారు.

తిననివ్వరా అని కేకలేశాను.