నా భార్య తెచ్చిన అల్యూమినియం పడవ

ఆ సాయంత్రం మొయినాబాద్ కాలేజీ నుంచి బండి మీద ముడిమ్యాల చేరేసరికి మా వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. ఇంట్లో ముసలి తల్లి ఉన్నవాడికి వాకిట్లో జనం కనిపిస్తే ఏమనిపిస్తుందో నాకూ అదే అనిపించింది. బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి పరుగెత్తాను. అమ్మ గడప మీదే కూర్చుని ఉంది. బాగానే ఉంది గానీ ఎవరితోనూ మాట్లాడడం లేదు. వాకిలి మధ్యలో, ట్రాలీ ఆటో నుంచి అప్పుడే దించిన ఒక పడవ బోర్లా పడి ఉంది. దాని పక్కన నా భార్య నిలబడి, పడవ వీపు మీద పేరుకున్న పిచ్చుక రెట్టను చీపురుతో గీకుతోంది.

ఆమె చామంతి తోట చేస్తుంది. ఫంక్షన్లకు ఫామ్‌హౌసులకు పువ్వులు వేస్తుంది. జన్వాడలో ఒక ఫామ్‌హౌసు అమ్ముడుపోయి, ఉన్న సామానంతా తీసేస్తున్నారట. ఎప్పుడో సరదాకు కొని, ఎక్కడా తిప్పే వీలులేక మామిడి చెట్ల కింద వదిలేసిన మోటారు పడవ అది. తీసుకుపోతే తీసుకుపొమ్మని, లేదంటే పాతసామాన్ల వాడికి వేస్తామని వాచ్‌మన్ అన్నాడట. ఆమె మారు ఆలోచన లేకుండా ట్రాలీ పిలిచింది. నాకు ఒక్క ఫోను కూడా చేయలేదు.

నాకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు మా పొలం బావిలో జారిపడి, మోటారు పైపును కరుచుకుని, పెద్దవాళ్లు వచ్చేదాకా వేలాడాను. అప్పటి నుంచి నడుము లోతు దాటి ఎన్నడూ దిగలేదు. నా భార్య పుట్టింది సాగర్ ఒడ్డున. వాళ్ల బాపు చేపలు పట్టేవాడు. నడక రాకముందే పడవలో కూర్చోబెట్టారని వాళ్లవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లయి ఈ ఎర్రనేలకు వచ్చాక ఆమె నీళ్ల ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఒక్కటే మాట అడిగింది, ఆ ఇనుపసామాను ఎప్పుడు పోతదని. నా భార్య పప్పు వడ్డిస్తూ, అది ఇనుము కాదు, పోదు అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఇద్దరాడవాళ్లూ మాట్లాడుకోవాల్సినవన్నీ నా ద్వారానే మాట్లాడుకున్నారు.

పడవ పని మా ఇద్దరికీ కొత్తే. ఆమెకు తెలిసినవి కర్ర పడవలు, తారు పూతలు. అల్యూమినియం సంగతి ఆమెకూ తెలియదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాం. ముందు పడవను వెల్లకిలా తిప్పి ఇటుకల మీద నిలబెట్టి లోపల నీళ్లు నింపాం. లోపల పోసిన నీరు ఎక్కడెక్కడ బయటికి కారుతుందో చూస్తే చిల్లులు దొరుకుతాయి. ఆమె కింద పాక్కుంటూ, గుడ్డతో తుడిచి, మార్కర్ పెన్నుతో గుర్తులు పెడుతూ పోయింది. కాసేపటికి పడవ అడుగంతా అమ్మవారు పోసిన ఒంటిలా నల్లచుక్కలతో నిండిపోయింది. రేకులను కలిపే రివెట్లు చాలావరకు వదులయ్యాయి. మొయినాబాద్‌లో వెల్డింగు అతను చూసి, మామూలు వెల్డింగు పెడితే ఈ రేకు కరిగి ఇంకా పెద్ద బొక్క పడుతుందని, తాను ముట్టనని చెప్పాడు. ఇక రివెట్లను మేమే బిగించుకోవాలి.

అది ఇద్దరు చేసే పని. ఒకరు మళ్లీ బోర్లించిన పడవ కిందికి దూరి, రివెట్టు తలకు బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. రెండోవాళ్లు పైనుంచి సుత్తితో కొట్టాలి. దిమ్మ బరువు కాబట్టి కిందికి నేనే దూరాను. లోపల చీకటి, వేడి. ఒక్కో దెబ్బకు రేకంతా చెవుల్లో మోగేది. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు. దిమ్మ ఒక్క వెంట్రుకవాసి జరిగితే సుత్తి రేకును సొట్ట చేసేది. జరిగిందని పైనుంచి ఆమె, చెప్పకుండా కొట్టావని కిందినుంచి నేను. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చిన దగ్గర నుంచి చీకటి పడేదాకా ఇదే. బావిలో పైపు పట్టుకున్నప్పుడు పైన మనుషుల మాటలు వినిపించినట్టే ఆమె మాటలు వినిపించేవి, దూరంగా, గుండ్రంగా. ఒకసారి ఊపిరాడక బయటికి వచ్చేశాను. చెమటతో తడిసిన చొక్కా విప్పి పడవ మీదికి విసిరి, దీన్ని పాతసామాన్ల వాడికి వేసేద్దామని అరిచాను.

ఆమె సుత్తి కింద పెట్టింది.

“మా బాపును మట్టి చేసొచ్చిన దినమే మా అన్నలు ఆయన పడవను గొడ్డళ్లతోని కొట్టి పొయిల పెట్టిన్రు. నేను చూసుకుంట నిలబడ్డ. నాకు అడిగే హక్కు లేదనుకున్న. ఇది సుత గట్లనే పోవాల్నా?”

మామ పోయింది అంతకుముందు చలికాలంలో. అంత్యక్రియలప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పొయ్యిలో మండింది ఏ కట్టెలో నేను చూడలేదు. చొక్కా మళ్లీ తొడుక్కుని పడవ కిందికి దూరాను.

పడవ వెనక మోటారు బిగించే చెక్క పైకి రంగుతో నిగనిగలాడినా, గోరు గుచ్చితే లోపలికి దిగిపోయింది. దాని చోట టేకు పలక కోయించి, తుప్పు పట్టని బోల్టులతో బిగించాం. మోటారును చేవెళ్లలో పంపుసెట్లు బాగుచేసే అతనికి ఇస్తే, విప్పి, కడిగి, ఎండి పగిలిన రబ్బర్లు మార్చాడు. వాకిట్లో నీళ్ల డ్రమ్ముకు తగిలించి తాడు లాగడం మొదలుపెట్టాం. రోజూ కాలేజీకి పోయేముందు నేను, తోట నుంచి వచ్చాక ఆమె. అది దగ్గేది, ఆగేది. అమ్మ అప్పటికే ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టింది. ఎందుకని పాస్టరమ్మ అడిగితే, ఆ మోటారు మొదలు కావొద్దని ప్రార్థిస్తున్నానని దాపరికం లేకుండా చెప్పిందట. వానలు పడుతున్న ఒక ఉదయం అది ఒక్క లాగుకే అందుకుంది. డ్రమ్ములో నీళ్లు సుడి తిరిగి వాకిలంతా చిమ్మాయి, పొగకు కోళ్లు గోడ దూకాయి. నా భార్య నవ్వింది. అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

పడవను దించాలంటే మా ఊరి చెరువే, దాని మీద హక్కు చేపలవాళ్ల సొసైటీది. వాళ్ల పెద్దమనిషి, నెరసిన మీసాల ఆయన, మా ఇంటికొచ్చి పడవ చుట్టూ తిరిగి చూసి ఒక్క పూటకు ఒప్పుకున్నాడు. వలలు కట్ట దగ్గర ఉన్నాయి, ఎగువకే పోవాలి, మత్తడి దిక్కు అసలు రావొద్దు అన్నాడు. చెరువు నిండి, మిగులు నీరు మత్తడి రాతిగోడ మీంచి దూకుతున్న రోజులవి. గోడకు అవతల పెద్ద పెద్ద బండలు.

ఆ ఉదయం గాలి లేదు. నేను లైఫ్ జాకెట్ బిగించుకుని నడుమ బల్ల మీద, ఆమె వెనక మోటారు దగ్గర. అడుగున ఒక్క చుక్క ఊరలేదు. ఎగువన తుమ్మల దాకా పోయాం. చెంపకు చల్లగాలి తగులుతుంటే, ఇంత భయపడ్డది దీనికేనా అనిపించింది. తిరుగుముఖం పట్టాక పడమట మబ్బు లేచింది. గాలి ఒక్కసారిగా వచ్చింది, మా వీపుల వెనక నుంచి, సరిగ్గా మత్తడి వైపు. ఆమె పడవను ఒడ్డుకు మళ్లించబోయింది. వలకు కట్టిన థర్మాకోల్ బెండ్లు అలల కింద మునిగిపోయి ఆమెకూ కనిపించలేదు.

మోటారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వల పంకాకు చుట్టుకుంది.

వల అడుగున గట్టిగా కట్టి ఉంది కాబట్టి పడవను వెనక నుంచి పట్టి ఆపేసింది. ముక్కు మత్తడి వైపు తిరిగింది. గాలికి లేచిన అలలు వచ్చి వెనక అంచుకు కొట్టుకుంటున్నాయి. మోటారు కోసం అక్కడ అంచు తక్కువగా ఉంటుంది. మొదటి అల నా చెప్పుల మీదికి వచ్చింది. రెండోది చీలమండల దాకా వచ్చింది. మత్తడి చప్పుడు అప్పటిదాకా వాన చప్పుడులా ఉండింది, ఇప్పుడు లారీ చప్పుడులా ఉంది. కట్ట మీద మనుషులు పరుగెత్తుతున్నారు గానీ వాళ్ల చేతిలో ఏముంది?

నేను బల్ల కింద పెట్టుకున్న కొడవలి తీసి ఆమెకు అందించాను, వలను కోసేయమని.

“కోస్తే మత్తడి మీదికే పోతం. ఇప్పుడు మనల పట్టుకున్నది గదే. నువ్వు ముక్కుకు పో. నీ బరువు ముంగటికి వస్తే ఎన్కభాగం లేస్తది. ఆడ ఇసుర్రాయి ఉన్నది, నీళ్లల్లకు ఇడువు. అది పట్టుకున్నంక కోస్త.”

విరిగిన పాత విసుర్రాయి సగానికి తాడు కట్టి లంగరుగా ముక్కులో పెట్టింది ఆమే. నాకు ఆ రాయి కనిపిస్తూనే ఉంది. నాలుగు మూరల దూరం కూడా లేదు. కానీ బల్లను పట్టుకున్న నా చేతులు ఊడిరావడం లేదు. పడవ ఊగుతుంటే ఆకాశం, నీళ్లు చోటు మార్చుకుంటున్నాయి. మూడో అల పెట్రోలు డబ్బాను తేల్చింది. ఆమె రెండు చేతులూ వెనక అంచుకు ఆనించి అడ్డంగా వంగి, ఒంటితో అలను ఆపుతోంది. ఆమె తడిసిన వీపు చూశాను. తిరిగి నా చేతుల వైపు చూస్తే ఒకటి వదిలి ఉంది. ఎప్పుడు వదిలానో తెలియదు.

మోకాళ్ల మీద పాకాను. రేకు రివెట్లు మోకాళ్లకు గుచ్చుకుంటున్నాయి. ముక్కు చేరి, రాయిని పొట్టకు ఆనించుకుని అంచు దాటించాను. తాడు నా అరచేతిని కాలుస్తూ జారి ఆగింది. వెనకకు చూస్తే ఆమె మోటారును ఎత్తి, పంకా దగ్గర వలను కోస్తోంది. వల తెగింది.

పడవ విల్లు వదిలిన బాణంలా మత్తడి వైపు పోయింది. తాడు బిగుసుకుని వదులైంది. రాయి బురదలో ఈడ్చుకుంటూ వస్తోంది. గోడ మీద నీరు గాజులా వంగి కిందికి జారడం నాకు కనిపించింది. పెదవులు ప్రార్థన మొదలుపెట్టాయి గానీ మాటలు గుర్తురాలేదు. తర్వాత తాడు మళ్లీ బిగిసింది, ఈసారి వదలలేదు. పడవ మెల్లగా తిరిగి ముక్కును గాలికి ఎదురు పెట్టింది. అలలు ముక్కుకు తగిలి రెండుగా చీలిపోసాగాయి. లోపలికి ఒక్కటీ రాలేదు.

ఆమె తెడ్లు అందుకుంది. నన్ను నీళ్లు తోడమంది. గాలి కాస్త తగ్గేదాకా అక్కడే వేలాడి, నేను తాడు లాగుతూ రాయిని ఎత్తుతుంటే ఆమె తెడ్లు వేసింది. పళ్లు బిగబట్టి, కాళ్లు బల్లకు తన్ని, ఒక్కో తెడ్డు వేటుకు ఒక చిన్న మూలుగు. ఒడ్డున తుంగ గడ్డి పడవ అడుగుకు రాసుకున్నప్పుడు ఆ చప్పుడు నాకు పొలంలో వరి కోస్తున్నట్టు వినిపించింది.

కట్ట మీద అమ్మ ఉంది. ఎవరు చెప్పారో, ఉపవాసంతోనే అంత దూరం నడిచి వచ్చింది. నా తల కొంగుతో తుడిచింది, చిన్నపిల్లవాడిని తుడిచినట్టు. వల ఎవరిదో అతను అనాల్సినవన్నీ అన్నాడు. నా భార్య తల వంచుకుని విన్నది. అతను ఆగాక, తెగిన వలను తెమ్మని, దారం ఉందా అని అడిగింది. అతను నమ్మలేదు. అయినా తెచ్చి ముందు పడేశాడు. ఆమె తడి చీరతోనే కట్ట మీద కూర్చుని, వల కొనను కాలి బొటనవేలికి తగిలించుకుని, ఒక్కో కన్ను అల్లుకుంటూ పోయింది. ముడులు వరుసగా పడుతున్నాయి. వలవాడు కాసేపు నిలబడి చూసి, తర్వాత ఎదురుగా కూర్చుని రెండో కొన పట్టుకున్నాడు.

అమ్మ ఇదంతా చూస్తూ ఉంది. పడవ వచ్చిన రోజు నుంచి కోడలితో నేరుగా మాట్లాడనిది, దగ్గరికి పోయి అడిగింది.

“మల్ల పోతవా?”

“పోత, అత్తమ్మ.”

అమ్మ మత్తడి వైపు చూసింది.

“గాలి లేనప్పుడు పో.”

ఆ తర్వాత సొసైటీవాళ్లు చెరువులో మోటారు వద్దని చెప్పారు. నా భార్య కూడా పట్టుబట్టలేదు. మోటారు మా కొట్టంలో గోనెసంచి కింద ఉంది, పడవ మాత్రం చెరువు ఒడ్డున తుమ్మకు కట్టి ఉంది. పోయిన వానాకాలం చేపపిల్లలు వదిలేటప్పుడు పెద్దమనిషే కబురు పెట్టాడు, థర్మాకోల్ తెప్పల మీద అంత బరువు ఆగదు, మీ పడవ తీసుకురమ్మని. చేపపిల్లల సంచులు నింపుకుని చెరువు నడుమకు పోయాం. నేను ఒక చేత్తో అంచు పట్టుకునే, రెండో చేత్తో సంచి మూతి విప్పి నీళ్లలో వంచాను. వేలెడంత లేని పిల్లలు కాసేపు పడవ నీడలోనే ఆగి, ఒక్కసారిగా చెల్లాచెదురై పోయాయి. ఖాళీ సంచులు మడిచాక ఆమె ఒక తెడ్డు నా వైపు చాపింది. తీసుకున్నాను. నా పక్క బలం ఎక్కువై పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటే, కట్ట మీది వాళ్లంతా నవ్వుతున్నారు.